పీహెచ్‌డీ పిలుపు ఇంకా రాలేదా?

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి వచ్చాయి. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళు, నిరుడు పూర్తి చేసి ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు రాశారు. అందరిదీ ఒకటే బెంగ. దరఖాస్తు పంపాం, ఇంటర్వ్యూకి పిలుపు లేదు, ఇప్పుడేం చేయాలని. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

డిసెంబర్‌లో అమెరికాలోని 8 యూనివర్సిటీలకు బయాలజీ పీహెచ్‌డీకి అప్లై చేశాను. జనవరి అయిపోతోంది. నాతోపాటు పెట్టిన ఇద్దరికి మెయిల్స్ వచ్చాయి, నాకు ఒక్కటీ లేదు. రిజెక్ట్ అయినట్టేనా? నేనే మెయిల్ పెట్టి అడగొచ్చా?
– ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని, హనుమకొండ

కాదమ్మా, ఇంకా ఏదీ తేలలేదు. ఈ పిలుపులు ఎలా వెళ్తాయో తెలిస్తే మీ కంగారు సగం తగ్గుతుంది. బయాలజీ ప్రోగ్రాములు చాలావరకు డిసెంబర్ 1కీ జనవరి మొదటి వారానికీ మధ్య గడువు పెట్టుకుంటాయి. గడువు దాటాక ప్రొఫెసర్ల కమిటీ ఫైళ్ళు పంచుకుని చదువుతుంది. నడుమ క్రిస్మస్ సెలవులు. అందుకే ఒక చోట డిసెంబర్‌లోనే పిలుపులు వెళ్తే ఇంకో చోట ఫిబ్రవరి దాకా ఉలుకూ పలుకూ ఉండదు. పిలుపులు విడతలుగా వెళ్తాయి. మొదటి విడతలో పిలిచినవాళ్ళు కొందరు వేరే చోటికి మొగ్గి రామంటారు, ఆ ఖాళీల్లోకి రెండో విడత వాళ్ళను పిలుస్తారు. ఇంటర్వ్యూలు మార్చి మొదట్లో కూడా జరుగుతుంటాయి.

మీ స్నేహితులు ఏ సబ్జెక్టుకు పెట్టారో కూడా చూడండి. కెమిస్ట్రీ, ఫిజిక్స్ విభాగాల్లో చాలావాటికి ఇంటర్వ్యూ పద్ధతే లేదు. ఫైలు చూసి నేరుగా సీటు ఇస్తారు, ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ చూసిపొమ్మని పిలుస్తారు. వాళ్ళ తేదీలతో మీ తేదీలను పోల్చుకుంటే లేనిపోని దిగులే మిగులుతుంది.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. అమెరికా బయాలజీ ప్రోగ్రాముల్లో మొదటి ఏళ్ళ స్టైపెండ్‌కు చాలా చోట్ల ఎన్.ఐ.హెచ్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ) ట్రైనింగ్ గ్రాంట్ల డబ్బే ఆధారం. ఆ డబ్బు ఆ దేశ పౌరులకు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్ళకు మాత్రమే ఇవ్వాలి. విదేశీ విద్యార్థిని తీసుకోవాలంటే యూనివర్సిటీ వేరే నిధి వెతుక్కోవాలి. అందుకే మన పిల్లలకు సీట్లు మొదటి నుంచీ తక్కువ. దానికి తోడు 2025లో ఫెడరల్ పరిశోధన నిధులకు కోత పడి కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించాయి, కొన్ని చోట్ల ఇచ్చిన ఆఫర్లు కూడా వెనక్కి తీసుకున్నారు. పిలుపు రాకపోతే మీ చదువులోనే లోపం ఉందని అనుకోకండి.

మెయిల్ పెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో లాగిన్ అయి చెక్‌లిస్ట్ చూడండి. సాధారణంగా మూడు చోట్ల తేడా వస్తుంది. మూడు రికమండేషన్ లెటర్లలో ఒకటి చేరకపోవడం మొదటిది. ప్రొఫెసర్‌కి వెళ్ళిన లింకు స్పామ్‌లో పడి ఉంటుంది, ఆయన పంపాననే అనుకుంటారు. రెండోది టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు. మీరు పంపినా పాస్‌పోర్టులోని పేరు, అప్లికేషన్‌లోని పేరు వేరుగా ఉంటే రెండూ జతపడవు. ఇంటిపేరు ఒక చోట ముందూ ఇంకో చోట వెనకా రాయడం మన దగ్గర అలవాటే కదా, ఎక్కువగా అక్కడే ఇరుక్కుంటుంది. మూడోది మార్కుల మెమోలు. సెమిస్టర్ మెమో స్కాన్‌లో వెనక పేజీ మర్చిపోతారు, గ్రేడుల వివరం ఉండేది అక్కడే. చాలా యూనివర్సిటీలకు ఈ దశలో స్కాన్ కాపీ చాలు. సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్ట్ సీటు వచ్చాకే అడుగుతారు కాబట్టి దాని కొరియర్ ఖర్చు ఇప్పుడే పెట్టుకోకండి.

అన్నీ సరిగ్గా ఉంటే ఫిబ్రవరి రెండో వారం దాకా ఆగి ఒక్కసారి రాయండి. డీన్‌కో ప్రొఫెసర్‌కో వద్దు, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కి రాయండి. పేరు, అప్లికేషన్ నంబరు, ఇంటర్వ్యూ పిలుపులన్నీ వెళ్ళిపోయాయా అన్న ఒక్క ప్రశ్న. దరఖాస్తు తర్వాత మీ పేపర్ ఏదైనా ఆమోదం పొందితే ఆ సంగతి ఒక వాక్యంలో చేర్చండి. నాలుగైదు వాక్యాలకు మించొద్దు. రెండోసారి రాస్తే లాభం లేదు.

పిలుపు వస్తే విదేశీ విద్యార్థులకు తరచుగా జూమ్‌లోనే ఇంటర్వ్యూ ఉంటుంది, ఒక్కో ప్రొఫెసర్‌తో అరగంట చొప్పున. టైము లెక్కలో తప్పకండి. చలికాలంలో న్యూయార్క్ వైపు ఉదయం 11 అంటే మనకు రాత్రి 9:30. కాలిఫోర్నియాలో ఉదయం 10 అంటే మనకు రాత్రి 11:30. మార్చి రెండో ఆదివారం నాడు వాళ్ళు గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. ఆ రోజు దాటాక ఇంటర్వ్యూ ఉంటే పై లెక్కలో మనకు ఒక గంట ముందే అవుతుంది. కరెంటు పోతే వైఫై రూటర్ ఆగకుండా ఇన్వర్టర్‌కి కలిపి పెట్టుకోండి, ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి.

చివరి తేదీ ఏప్రిల్ 15. స్టైపెండ్‌తో సీటు వచ్చినవాళ్ళు ఆ రోజు దాకా జవాబు చెప్పనక్కర్లేదని అక్కడి చాలా యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంది. నాలుగైదు ఆఫర్లు చేతిలో పెట్టుకున్నవాళ్ళు ఏప్రిల్ మొదటి రెండు వారాల్లోనే మిగతావి వదులుతారు, వెయిటింగ్ లిస్టు కదిలేది అప్పుడే.

సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ వచ్చింది. ఆరు నెలలైంది. ఏ సంస్థ నుంచీ పిలుపు రాలేదు. జేఆర్ఎఫ్ ఉంటే వాళ్ళే పిలుస్తారని అన్నారు.
– ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, కరీంనగర్

ఎవరూ పిలవరు తమ్ముడూ. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అంటే ఫెలోషిప్ డబ్బుకు అర్హత, అంతే. సీటు మీరు విడిగా తెచ్చుకోవాలి. ప్రతి సంస్థ నోటిఫికేషన్‌కూ వేరే దరఖాస్తు పెట్టాలి. మీ అవార్డు లెటర్ తీసి చూడండి, అందులో చెల్లుబాటు గడువు ఉంటుంది. ఆ తేదీలోపు ఎక్కడో ఒక చోట చేరకపోతే ఫెలోషిప్ చేజారుతుంది.

తార్నాకలోని ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ) లాంటి సీఎస్ఐఆర్ (కేంద్ర పరిశోధన మండలి) ల్యాబుల్లో పీహెచ్‌డీ సీట్లు ఏసీఎస్ఐఆర్ అకాడమీ ద్వారా జనవరి, ఆగస్టు సెషన్లకు నిండుతాయి. మన నిట్ వరంగల్ కూడా ఏడాదికి రెండుసార్లు తీసుకుంటుంది. బెంగళూరు ఐఐఎస్సీ ఎండాకాలానికి ముందు దరఖాస్తులు తీసుకుని మే, జూన్‌లలో ఇంటర్వ్యూలు చేస్తుంది, క్లాసులు ఆగస్టులో మొదలవుతాయి. అక్కడ ఒక్కో డిపార్ట్‌మెంట్ షార్ట్‌లిస్ట్ వేరే తయారవుతుంది, ఒక దాంట్లో పేరు లేకపోయినా ఇంకో దాంట్లో ఉండొచ్చు. కాకతీయ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నోటిఫికేషన్లు కూడా వదలకండి. జేఆర్ఎఫ్ ఉన్నవాళ్ళకు రాతపరీక్ష మినహాయించి ఇంటర్వ్యూకే పిలిచే చోట్లు చాలా ఉన్నాయి.

మీ తర్వాతి బ్యాచ్ వాళ్ళకు కూడా ఒక మాట. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా ఇస్తున్నారు: జేఆర్ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. తర్వాతి రెండింటిలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. పీహెచ్‌డీ ప్రవేశానికి ఆ మార్కులు ఒక ఏడాదే చెల్లుతాయి. చేతిలో ఉంది కదా అని దాచుకునేది కాదు.

మాది బీసీ. కేంద్ర సంస్థ ఇంటర్వ్యూలో నా కుల ధ్రువపత్రం చెల్లదన్నారు. మీసేవలో తీసుకున్నదే కదా?
– మంచిర్యాల

ఇలా ఏటా ఎంతోమంది ఇబ్బంది పడుతున్నారు, కాస్త ముందు చూసుకుంటే తప్పేదే. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే మీసేవలో మామూలు కుల ధ్రువపత్రం కాకుండా కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ అని ప్రత్యేకంగా అడగాలి. తహసీల్దారు ఇస్తారు. చాలా సంస్థలు ఆ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే అడుగుతాయి. మేలో ఇంటర్వ్యూ, చేతిలో ఉన్నది జనవరిది అయితే చిక్కే. ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్తదానికి పెట్టుకోండి, ఆఫీసులో ఆలస్యమైనా సర్దుకోవచ్చు. 8 లక్షల ఆదాయ పరిమితి లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయం మీద వచ్చేది కలపరు. ఈడబ్ల్యూఎస్‌కు మాత్రం అన్నీ కలుపుతారు, భూమి 5 ఎకరాలలోపు ఉండాలి, ఆ సర్టిఫికెట్ కూడా ఏటా కొత్తది కావాలి. ఎస్సీ, ఎస్టీ పత్రాలకు ఈ ఏటేటా తిప్పలు లేవు.

నేను చదివిన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్లు మారిపోయారు. రికమండేషన్ లెటర్ ప్రిన్సిపాల్ గారి దగ్గర తీసుకోవచ్చా?
– జనగామ

మిమ్మల్ని ల్యాబులో చూడని ప్రిన్సిపాల్ ఉత్తరం కన్నా, మీ ప్రాజెక్టు దగ్గరుండి చేయించిన జూనియర్ లెక్చరర్ ఉత్తరం ఎన్నో రెట్లు మేలు. 'క్రమశిక్షణ గల విద్యార్థి' అనే ఉత్తరాలను కమిటీలు పట్టించుకోవు. మారిపోయిన లెక్చరర్ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కోండి, ఆ కాలేజీ మెయిల్ ఐడీ ఇవ్వండి. జీమెయిల్ ఐడీలను కొన్ని పోర్టళ్ళు ఒప్పుకోవు.

అడిగేటప్పుడు ఒట్టి చేతులతో వెళ్ళకండి. ఒక కాగితం మీద మీరు ఆయన దగ్గర ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏం చేశారో, ఏ ప్రయోగం ఎన్నిసార్లు చెడింది, దాన్ని ఎలా సరిచేశారో, ఏ తేదీలోపు ఎన్ని చోట్లకు ఉత్తరం పంపాలో రాసి ఇవ్వండి. గడువుకు నాలుగు వారాల ముందు అడగాలి. వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఇంకోసారి ఫోన్ చేసి మర్యాదగా గుర్తుచేయండి. 'నువ్వే రాసి తే, సంతకం పెడతా' అనేవాళ్ళు ఉంటారు. ఒప్పుకోకండి. మూడు ఉత్తరాలూ ఒకే చేతి రాతలా ఉంటే చదివేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. రాతపరీక్ష దాటాను, ఇంటర్వ్యూ అంటే చేతులు వణుకుతున్నాయి. ఏం అడుగుతారు? ఎలా చదవాలి?
– ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, ములుగు

ఇంగ్లిష్ గురించి ముందు చెప్తాం. ప్యానెల్ మీ వ్యాకరణం చూడదు, ఆలోచన ఎటు నడుస్తోందో చూస్తుంది. చిన్న వాక్యాలు వాడండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి. బోర్డు దగ్గరికి వెళ్తానని అడిగి బొమ్మ వేయండి, అంకెలు రాయండి. బోర్డు మీద చాక్‌పీసు నడుస్తుంటే భాష బెరుకు చాలా తగ్గుతుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పి, 'నాకు తెలిసిన ఈ విషయం నుంచి మొదలుపెడతాను' అని ముందుకు వెళ్ళండి. తెలియదని ఒప్పుకున్నందుకు ఎవరూ మార్కులు కోయరు. తెలిసినట్టు కల్పించి చెప్తే మాత్రం పట్టుకుని లోతుకు దించుతారు.

ఏం అడుగుతారంటే, మీ ప్రాజెక్టు. మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాటనే పట్టుకుంటారు. మన వైపు మైక్రోబయాలజీ ప్రాజెక్టులు చాలావరకు పత్తి చేను మట్టిలోంచి బ్యాక్టీరియా వేరు చేయడం, 16ఎస్ జీన్ (బ్యాక్టీరియా రకాన్ని గుర్తుపట్టే జన్యువు) పీసీఆర్ చేయడం, అంటే దాన్ని కోట్ల కాపీలు చేయడం, సీక్వెన్సింగ్‌కు బయటికి పంపడం. అదే తీసుకుని చూద్దాం.

'మట్టి ఎంత తీసుకున్నారు?' ఒక గ్రాము, 9 మిల్లీలీటర్ల స్టెరైల్ సెలైన్‌లో. అంటే పది రెట్ల పలచన. అలా ఐదుసార్లు పలచన చేసి, ఐదో గొట్టం నుంచి 0.1 మిల్లీలీటర్ ప్లేటు మీద పరిస్తే 42 కాలనీలు వచ్చాయనుకోండి. 'గ్రాము మట్టిలో ఎన్ని?' 42ని ముందు 10తో గుణించాలి, ఎందుకంటే పరిచింది మిల్లీలీటర్‌లో పదో వంతే. తర్వాత పలచన కోసం లక్షతో. 4.2 కోట్లు. ఆ 10ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ, 42 లక్షలని చెప్పి ఇరుక్కుంటారు. అక్కడితో ఆగరు. 'ఇంకో ప్లేటులో 8 కాలనీలే వచ్చాయి, దాన్ని లెక్కలో వేస్తారా?' వేయకూడదు. 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లనే లెక్కిస్తాం, తక్కువైతే ఒకటి రెండు కాలనీల తేడాకే అంకె తారుమారవుతుంది. 'మట్టిలో ఉన్నవన్నీ మీ ప్లేటు మీద పెరిగాయా?' లేదు, చాలా రకాలు ఆ మీడియం మీద పెరగనే పెరగవు. ఈ ఒక్క జవాబుతో మీరు మీ పని హద్దులు తెలిసినవారని వాళ్ళకు అర్థమవుతుంది.

ఇక పీసీఆర్. 'ఎన్ని సైకిళ్ళు?' 30. 'ఒక్క కాపీ నుంచి ఎన్ని అవుతాయి?' ఒకటిని 30 సార్లు రెట్టింపు చేస్తే దాదాపు 107 కోట్లు. 'నిజంగా అన్ని వస్తాయా?' రావు. ప్రతి సైకిల్‌లో ప్రతి కాపీ రెట్టింపు కాదు. చివరికొచ్చేసరికి ప్రైమర్లు (కాపీని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు), న్యూక్లియోటైడ్లు తగ్గిపోతాయి, ఎంజైము అలసిపోతుంది. 'ఎక్స్‌టెన్షన్ ఎంతసేపు పెట్టారు, ఎందుకు?' డీఎన్ఏను కాపీ చేసే టాక్ ఎంజైము నిమిషానికి సుమారు వెయ్యి బేసులు చేరుస్తుంది, 16ఎస్ జీన్ దాదాపు 1500 బేసులు కాబట్టి నిమిషంన్నర. 'ప్రైమర్ అనీలింగ్ 55 డిగ్రీలు ఎందుకు?' 20 బేసుల ప్రైమర్‌లో సగం జీ, సీ అయితే, ఏ టీలకు 2 చొప్పున, జీ సీలకు 4 చొప్పున వేస్తే కరిగే ఉష్ణోగ్రత 60 వస్తుంది, దానికి ఐదు తక్కువ పెడతాం. 'డీఎన్ఏ వేయని గొట్టంలో కూడా బ్యాండ్ వచ్చింది, ఏమనుకుంటారు?' వంద బేసులలోపు మసకగా ఉంటే ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కున్నవి. సరిగ్గా 1500 దగ్గర ఉంటే నీళ్ళో రియేజెంటో కలుషితం. అప్పుడు కొత్త నీళ్ళు, కొత్త ఆలికోట్లతో (విడిగా చిన్న గొట్టాల్లో పెట్టుకున్న రియేజెంట్లతో) మళ్ళీ చేస్తాం, ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెడతాం.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. కానీ 'కిట్‌లో అలా ఉంది సార్', 'గైడ్ గారు పెట్టమన్నారు' అన్న జవాబు దగ్గరే మంచి మార్కుల వాళ్ళు కూడా జారిపోతారు. అందుకని పిలుపు కోసం ఎదురుచూసే ఈ వారాల్లో మీ ల్యాబ్ నోట్‌బుక్ ముందేసుకుని, రాసుకున్న ప్రతి అంకె పక్కన 'ఎందుకు' అని రాయండి. 37 డిగ్రీలు ఎందుకు, పీహెచ్ 7 ఎందుకు, రెండు రోజులు ఎందుకు. జవాబు లేనివి వెతికి నింపండి. రోజుకు రెండు పేజీలు చాలు. సీక్వెన్సింగ్ కంపెనీ నుంచి వచ్చిన క్రోమటోగ్రామ్ ఫైలు మీరే తెరిచి చూడండి. మొదట్లో, చివర్లో పీకులు ఎందుకు గజిబిజిగా ఉన్నాయో అడుగుతారు.

ఫిజిక్స్ వాళ్ళకు పద్ధతి ఇదే, ప్రశ్నలు వేరు. x బై (1 ప్లస్ x స్క్వేర్) గ్రాఫ్ గీయమంటారు. సున్నా దగ్గర, అనంతం దగ్గర ఎలా ఉంటుందో ముందు చెప్పి, x విలువ 1 దగ్గర గరిష్ఠం అర అని చూపిస్తే చాలు. మీకు నచ్చిన సబ్జెక్టు ఏదని అడిగితే నిజంగా వచ్చినదాన్నే చెప్పండి, తర్వాతి అరగంట దాని మీదే నడుస్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఇంటర్వ్యూ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనో ఐఐసీటీలోనో అయితే హనుమకొండ బస్సులో ఉప్పల్‌లో దిగితే దగ్గర. సెంట్రల్ యూనివర్సిటీ, గోపనపల్లిలోని టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ ఊరికి ఆ చివర ఉంటాయి. కాజీపేట నుంచి లింగంపల్లి దాకా వెళ్ళే రైలు దొరికితే మంచిది. ఎక్కడైనా సరే, ముందు రోజే చేరండి.

మా బిడ్డ పీహెచ్‌డీ అంటోంది. ఇంకో ఐదేళ్ళు మేమే ఖర్చు పెట్టాలా? ఒక కన్సల్టెన్సీ వాళ్ళు 3 లక్షలు అడుగుతున్నారు.
– ఒక తండ్రి, జగిత్యాల

ఇవ్వకండి. సైన్స్ పీహెచ్‌డీలో మంచి సంస్థ ఏదైనా విద్యార్థికే డబ్బు ఇస్తుంది. మన దేశంలో జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)గా 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఊరిని బట్టి ఇంటద్దె భత్యం అదనం. అమెరికాలో సైన్స్ పీహెచ్‌డీకి ట్యూషన్ ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. మీకు అయ్యే ఖర్చల్లా దరఖాస్తులది. అక్కడ చాలా చోట్ల ఒక్కో దానికి 75 నుంచి 125 డాలర్లు. ఫీజు మినహాయింపు అడిగితే కొన్ని చోట్ల ఇస్తారు, కట్టకముందే అడగాలి. ఇంటర్వ్యూకి రైలు ఛార్జీలు ఇచ్చే సంస్థలు ఇక్కడా ఉన్నాయి. కాల్ లెటర్ చివరి దాకా చదివి టికెట్లు పారేయకుండా దాచమనండి. స్టైపెండ్ లేకుండా చేరమనే చోటు ఉంటే, అమ్మాయిని ఆ చోటు గురించి ఇంకోసారి ఆలోచించమనండి.

రెండేళ్ళుగా ప్రయత్నం. ఈసారీ ఎక్కడా రాకపోతే?
– భూపాలపల్లి

ఇంట్లో కూర్చుని మూడోసారి అదే దరఖాస్తు పంపొద్దు. ఈ ఏడాదిలో కొత్త పని ఏదీ చేయకపోతే కమిటీ ముందున్న ఫైలు పాతదే. ల్యాబుల్లో ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ జేఆర్ఎఫ్ పోస్టులు పడుతుంటాయి. నెట్ లేకపోయినా తీసుకునేవి ఉంటాయి, నోటిఫికేషన్‌లో అర్హతల పేరా చూడండి. ఎంపిక ఎక్కువగా వాక్ ఇన్ ఇంటర్వ్యూ, నోటీసుకూ ఇంటర్వ్యూకూ మధ్య వ్యవధి తక్కువ. సీసీఎంబీ, ఐఐసీటీ, సెంట్రల్ యూనివర్సిటీ, నిట్ వరంగల్ వెబ్‌సైట్లలో ఉద్యోగాల పేజీ ప్రతి సోమవారం చూడండి. ఏడాది పనిచేస్తే మిమ్మల్ని ల్యాబులో చూసిన మనిషి రాసే ఉత్తరం ఒకటి కొత్తగా వస్తుంది.

పాత ఎస్‌ఓపీ (ఏం చేయాలనుకుంటున్నారో చెప్తూ దరఖాస్తుతో పంపే వ్యాసం) కూడా తీసి చదవండి. అందులో పేరు రాసిన ప్రొఫెసర్లు ఇంకా అక్కడే ఉన్నారా, విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అన్నది చాలామంది చూసుకోరు. రిటైరైన ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తానని రాస్తే, మిగతాదంతా ఎంత బాగున్నా ఫైలు పక్కకు పోతుంది. రెండేళ్ళ కిందటి ఎస్‌ఓపీనే తేదీ మార్చి పంపి ఉంటే మొదట సరిచేయాల్సింది ఆ పేరాయే.